చెప్పులు విడిచి తీసుకున్న కాగితం

నేను తప్పు లేకుండా చదివిన మొదటి పూర్తి వాక్యం, "నొప్పి ఉన్న చోట మృదువుగా మర్దించవలెను." తలనొప్పి బామ్ డబ్బాలో మడిచిపెట్టే పల్చటి కాగితం మీద ఉండేది. మా అమ్మ నన్ను బడికి పంపలేదు. ఎందుకు పంపలేదన్నది వేరే కథ, అందులో ఎవరినీ పెద్దగా తిట్టాల్సిన పని లేదు. ఇంట్లోనే చదువు చెప్పింది. మొదట పలక, తర్వాత గోడ మీది క్యాలెండరు, ఆ తర్వాత ఈ బామ్ కాగితం. దేశంలోని భాషలన్నీ వరసగా ఉండే ఆ కాగితంలో తెలుగు ఎక్కడో కింద, సరిగ్గా మడత పడే చోట నలిగి ఉండేది. అమ్మ వేలితో సాపు చేసి చదివించేది. అందుకేనేమో, ఈ రోజుకీ నాకు మందు డబ్బాలో మందు కంటే కాగితం మీదే ఎక్కువ ప్రేమ.

అమ్మకు ఇంకో నియమం ఉండేది. కాగితానికి కాలు తగిలితే తీసి కళ్లకద్దుకోవాలి. అక్షరం ఉంటే చాలు, అది సరస్వతే. మిర్చి బజ్జీలు కట్టిన కాగితమైనా సరే, నూనె కారుతున్నా సరే. ఆ లెక్కన నా చిన్నతనమంతా సరస్వతీ కటాక్షం బజ్జీల వాసనతోనే వచ్చింది. ఇంత మంచి అలవాటు ఒకనాడు మా తోటికోడలి కాలు మీదికి వస్తుందని ఎవరనుకుంటారు?

మెదక్‌లో మా ఇల్లు ఖిల్లా కింది గల్లీలో ఉంది. ఒకే వాకిలికి ఇటువైపు మేము, అటువైపు మా మరిది వాళ్లు. పై వాటా కిరాయికి ఇస్తాం. ఆ వాటాలోకి ఒక మేడం దిగారు. హైదరాబాద్‌లో డాక్టర్లు చదువుకునే కాలేజీలో లైబ్రరీ చూసుకొని రిటైరయ్యారట. సామాను దింపుతుంటే గిన్నెల కంటే పుస్తకాల డబ్బాలే ఎక్కువ కనిపించాయి. మా ఆయన వాకిట్లో నిలబడి చూసి, "ఈమె వండుకొని తింటదా, సదువుకొని తింటదా?" అన్నారు.

డాక్టర్లకు లైబ్రరీ ఉంటుందనీ, దాన్ని చూసుకునేవాళ్లకు ఒక లోకం ఉంటుందనీ నాకు అప్పటిదాకా తెలియదు. మేడంకు కంప్యూటర్‌లో వాళ్ల వార్తలు వచ్చేవి. రోగులకూ ఇంట్లోవాళ్లకూ అర్థమయ్యేలా ఏ బిమారి గురించి ఎక్కడ కొత్తగా రాశారు, ఏది నమ్మొచ్చు, ఏది పాతబడింది, ఏ భాషలో దొరుకుతుంది, అన్నీ వార్తలే. మనం పొద్దున పేపర్లో చావులూ పెళ్లిళ్లూ చూసినట్టు ఆమె అవి చూసేవారు. నేను చాయ్ పట్టుకొని వెళ్లి పక్కన కూర్చునేదాన్ని.

"మందు చెప్పుడు నా పని కాదమ్మా," అనేవారు మేడం. "మందు గురించి ఎవరు చెప్పిండ్రు, ఎప్పుడు చెప్పిండ్రు, చెప్పి ఏం అమ్ముకుంటుండ్రు? గీ మూడు చూసుడే నా పని."

ఊరికే కూర్చునే మనిషి కాదు. ఊరి లైబ్రరీ వాళ్లతో మాట్లాడి, పేపర్లు చదువుకునే బల్ల పక్కన ఒక పాత రాక్ సంపాదించారు. "ఆరోగ్య సమాచారం" అని బోర్డు పెట్టించారు. నమ్మదగిన చోట నుంచి తెచ్చిన విషయాన్ని ఒక్కో పేజీగా తెలుగులో పెట్టాలి. అది పెట్టే పని నాకు పడింది. నాకంటే చదువుకున్నవాళ్లు ఊరంతా ఉన్నారు గానీ, మేడం పిలిస్తే వినబడేంత దగ్గర్లో నేనే ఉన్నాను. స్వామి కొందరికి తెలివి ఇస్తాడు, కొందరికి కింది వాటా ఇస్తాడు. దేనికైనా దండమే.

మొదటి పేజీ షుగర్ ఉన్నవాళ్ల కాళ్ల గురించి. నాకు వచ్చిన తెలుగంతా బామ్ కాగితం తెలుగే కదా! "మధుమేహ పీడితులు పాదసంరక్షణయందు సదా అప్రమత్తులై మెలగవలెను" అని రాసి మురిసిపోయాను. మా శుక్రవారం భజనలో చదివి వినిపిస్తే, ఒకామె చేతులు జోడించి, "గిది ఏ స్తోత్రమక్కా?" అని అడిగింది.

మేడం చూసి కళ్లజోడు తీసి పక్కన పెట్టారు. "అమ్మా, గిది మీ గుడి పూజారికి ఒక్కనికే అర్థమైతది. ఆయనకు షుగర్ లేదు."

మళ్లీ రాశాను. "షుగర్ ఉన్నవాళ్లు రోజూ కాళ్లు చూసుకోవాలి. అరికాలు కనబడకపోతే కింద అద్దం పెట్టుకొని చూడాలి. ఇంట్లో కూడా చెప్పులు లేకుండా నడవద్దు. పుండు అయినా నొప్పి తెలియడం లేదంటే సంతోషపడొద్దు. అదే ప్రమాదం. వెంటనే దవాఖానకు పోవాలి." మేడం ఈసారి కళ్లజోడు తీయలేదు.

ఆ పేజీ రాక్‌లో పెట్టాం. ఎవరూ తీసుకోలేదు. పేపరు చదవడానికి వచ్చే పెద్దమనిషి ఒకాయన దాంతో విసురుకునేవాడు.

ఎందుకు తీసుకుంటారు? జనానికి ఆరోగ్య సమాచారం కరువైతే కదా! పొద్దున లేచి ఫోన్ తెరిస్తే మా భజన గ్రూపులో దేవుళ్లందరూ ఒకేసారి దర్శనమిస్తారు. ప్రతి దేవుడి పాదాల దగ్గరా ఒక వైద్యం ఉంటుంది. ఆంజనేయస్వామి బొమ్మ, కింద మోకాళ్ల నొప్పులకు నూనె. లక్ష్మీదేవి బొమ్మ, కింద జుట్టు రాలకుండా పసరు. వినాయకుడి బొమ్మ, కింద బరువు తగ్గే కషాయం. ఆ చివరిది తయారుచేసిన పుణ్యాత్ములు బొమ్మను ఒక్కసారి తేరిపార చూసుంటే బాగుండేది.

దేవుడి బొమ్మ ఉన్నదాన్ని తీసేయడానికి మా ఆడవాళ్లకు చేతులు రావు. నాకూ రావు. ఫోన్ నిండిపోయి మనవరాలి ఫోటోలు తీసేసినవాళ్లు ఉన్నారు గానీ, మోకాళ్ల నూనె తీసేసినవాళ్లు లేరు. ప్రసాదం వద్దంటామా? కళ్లకద్దుకొని నలుగురికి పంచుతాం. వచ్చింది వచ్చినట్టు పంపడం కూడా అంతే అనుకున్నారు.

మా తోటికోడలికి షుగర్. నాకంటే చిన్నది, నన్ను అక్కా అంటుంది, నా మాట మాత్రం వినదు. ఒకరోజు వాకిట్లో బట్టలు ఆరేస్తూ కుంటుతుంటే చూశాను.

"ఏమే చెల్లె, కాలికి ఏమైంది?"

"ఏం గాలే అక్కా. రాయి కొట్టుకున్నది."

"చెప్పులేవి?"

"దీక్షల ఉన్న గద! చెప్పులేసుకోవద్దు."

"ఏం దీక్ష? నాకు తెల్వకుంట ఏ గుల్లె మాల ఏస్కున్నవ్?"

"మాల గాదు. కషాయం దీక్ష." ఫోన్ తెచ్చి చూపించింది. పైన లక్ష్మీనరసింహస్వామి. కింద ఏదో చెట్టు బెరడు మరిగించి తాగమనీ, తాగినన్నాళ్లు షుగర్ గోలీలు ముట్టొద్దనీ, నేల శక్తి ఒంటికి పట్టాలి కాబట్టి చెప్పులు విడవాలనీ రాసి ఉంది.

"గోలీలు బంద్ పెట్టినవా?"

"పెట్టిన. మంచిగనే ఉన్న. కాలు సూడు, గింత పుండున్నా నొప్పే లేదు. కషాయం మహిమ!"

చిటికెనవేలి పక్కన పుండు. చుట్టూ నల్లబడింది. నేను వేలితో నొక్కాను. ఆమె నవ్వుతూనే ఉంది. నొప్పి తెలియకపోతే సంతోషపడొద్దని నా చేత్తో నేను రాసిన వాక్యం కళ్ల ముందు కదిలింది. రాసినప్పుడు అది వాక్యం మాత్రమే. ఇప్పుడు దానికి వేళ్లున్నాయి, మెట్టెలున్నాయి.

"చెల్లె, గిది మంచిది గాదు. దవాఖానకు పోదాం పా."

"దేవుని బొమ్మ ఉన్నది గదక్కా. గండ్ల అబద్ధం రాస్తరా?"

"స్వామి స్తంభంలకెల్లి వచ్చిండు గని, బెరడు పట్టుకొని రాలే."

"గట్ల మాట్లాడకు, కండ్లు పోతయ్."

"నా కండ్లు పోతే పోనీ. నీ కాలు పోతది!"

మాట పెరిగింది. ఆమె బట్టల బకెట్ ఎత్తుకొని వెళ్లిపోయింది. ఆ సాయంత్రం దీపం పెట్టి, స్వామీ, నీ పేరు మీద ఎవరో కషాయం కాస్తున్నారు, నువ్వైనా పట్టించుకో అని మొక్కుకున్నాను. మొక్కుతుండగానే ఒక ఉపాయం తట్టింది. స్వామే తట్టించాడనుకున్నాను. ఇప్పుడు ఆయన మీద ఆ నింద వేయను.

జనం బొమ్మనే కదా నమ్ముతున్నారు? మన పేజీ పైన కూడా ఏడుపాయల అమ్మవారి బొమ్మ వేస్తే సరి!

మేడంకు చెబితే మళ్లీ కళ్లజోడు తీశారు. "ఎవరు చెప్పిండ్రు అని అడిగితే ఏమంటవు? అమ్మవారా?"

"ఎవ్వరూ అడగరు మేడం. బొమ్మ చూస్తరు."

"గదే నా బాధ!" అన్నారు. కానీ తోటికోడలి కాలు సంగతి ఆమెకూ తెలుసు. తల కొట్టుకుంటూనే ఒప్పుకున్నారు.

జిరాక్స్ కాగితాలు కొన్ని లైబ్రరీ రాక్‌లో పెట్టి, మిగతావి శుక్రవారం భజనకు తీసుకెళ్లాను. మా భజనకు పెద్ద దిక్కు ఒక పెద్దమ్మ. ఆమె రెండు చేతులా అందుకొని కళ్లకద్దుకుంది. తర్వాత అందరూ వరసగా లేచి తీసుకున్నారు. బయట గద్దె మీద కూర్చున్నవాళ్లు కూడా చెప్పులు విడిచి లోపలికి వచ్చి మరీ తీసుకున్నారు. మా తోటికోడలు మొదటి వరసలో నిలబడి తీసుకుంది. నాకు కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్లలోనే నాకు ముఖ్యమైన ముక్క కనబడలేదు. చెప్పులు లేకుండా నడవద్దని చెప్పే కాగితాన్ని అందరూ చెప్పులు విడిచి తీసుకున్నారు.

తర్వాతి శుక్రవారం పెద్దమ్మ ఇంటికి వెళితే పూజగదిలో మా పేజీ గోడకు అంటించి ఉంది. పసుపు రాశారు, కుంకుమ బొట్లు పెట్టారు. "షుగర్ ఉన్నవాళ్లు" వరకు కనబడుతోంది. ఆ తర్వాత అంతా పసుపే.

"సదివినవా పెద్దమ్మా?"

"రోజు దండం పెట్టుకుంటున్న బిడ్డా. మనసు మస్తు నిమ్మళంగున్నది."

ఆమెకు షుగర్ లేదు కాబట్టి ఊరుకున్నాను. అదే రోజు మేడమూ నేనూ లైబ్రరీకి వెళితే గుమ్మం ముందు చెప్పులు వరస కట్టి ఉన్నాయి. రాక్‌కు బంతిపూల దండ. కింద ఊదుబత్తి నుసి. ఎవరో కొబ్బరికాయ కూడా కొట్టారు. అక్కడి ఉద్యోగి మమ్మల్ని చూడగానే లేచి నిలబడ్డాడు.

"ఏంది మేడం గిది? నేను పుస్తకాలు సూస్కోవాల్నా, చెప్పులకు కాపలా ఉండాల్నా? ఒకామెనైతే హారతి యాల్లకు తలుపు దీయమంటుంది!"

మేడం పేపర్ల బల్ల దగ్గర కూర్చుండిపోయారు. ఏడుస్తున్నారేమో అనుకున్నాను. నవ్వుతున్నారు. దగ్గొచ్చేదాకా నవ్వి, "ఇన్నేండ్ల సర్వీసుల నా రాక్‌కు ఎవ్వరు దండ ఏయలేదమ్మా," అన్నారు. నాకు నవ్వు రాలేదు. మా వాకిట్లో ఏం జరుగుతోందో చూడాలని ఇంటికి పరుగెత్తాను.

మా తోటికోడలు ఆ కాగితాన్ని తులసిగద్దెకు అంటించి చుట్టూ ప్రదక్షిణలు చేస్తోంది. వట్టి కాళ్లతో. బండల మీద ఆమె నడిచిన చోటల్లా చిన్న తడి మచ్చ పడుతోంది. కడిగిన కాళ్ల తడి కాదది. దగ్గరికి పోతే వాసన వచ్చింది.

నేను అక్కడే గద్దె పక్కన కూలబడి ఆమె కాలు పట్టుకున్నాను. "పాపం తగుల్తది, లే అక్కా," అని ఆమె కాలు లాక్కోబోయింది. నేను వదల్లేదు.

"దవాఖానకు పోదాం చెల్లె. నీకు దండం పెడ్త."

ఆమె మొహంలో మొదటిసారి భయం కనిపించింది. "నాక్కూడ పరేషాన్‌గనే ఉన్నదక్కా. రాత్రి జరమొచ్చినట్టైంది. గని దీక్ష నడుమల ఎట్ల ఇడుస్త? మాల ఏసిన గురుస్వామే మాల తీయాలె గద! గిది ఇచ్చినోళ్లు తీస్తెనే తీయాలె. నా అంతట నేను తీస్తే పసుపు కుంకుమలకేమన్న అయితే?"

అది విన్నాక నాకు వెక్కిరించాలనిపించలేదు. దీక్ష అంటే నాకూ భయమే, భక్తీ ఉంది. దీక్ష ఇచ్చినవాళ్లు దొరికితే తీయించొచ్చు. ఫోన్లో వచ్చిన దీక్షకు గురువును ఎక్కడ తేవాలి?

నా వెనకే వచ్చిన మేడం అంతా విన్నారు. చీర కొంగు నడుముకు చుట్టుకున్నారు. "ఎవరు చెప్పిండ్రో తెలుసుకోవాలె, గంతే గద? రా అమ్మా, ఫోన్ తే. నా పనే అది."

అక్కడే తులసిగద్దె దగ్గర ముగ్గురం కూర్చున్నాం. ఆ కషాయం తోటికోడలికి పెద్దమ్మ పంపింది. పెద్దమ్మకు ఫోన్ చేశాం. ఆమెకు తూప్రాన్‌లో ఉండే చెల్లెలు పంపిందట. తూప్రాన్‌కు చేశాం. మేడం అందరికీ వినబడేలా పెట్టారు. అవతల నుంచి ఆమె గట్టిగా మాట్లాడింది.

"గా కషాయమా? అది మీ మెదక్‌కెల్లే వచ్చింది. మోటార్లు రిపేర్ చేసే ఆయన పంపిండు. మా బోరు మోటారుకు వైండింగ్ చేసినకాంచి పొద్దుగాల పొద్దుగాల దేవుండ్లను పంపుతనే ఉన్నడు. ఒక్కరోజు నాగా పెట్టడు పాపం."

బస్టాండు దగ్గర మోటార్ల వైండింగ్ దుకాణం మా మరిదిదే. అంటే మా తోటికోడలి మొగుడిదే.

చర్చి గంట వినబడింది. సరిగ్గా అప్పుడే ఆయన అన్నానికి వచ్చి బండి స్టాండు వేశాడు.

"నరసింహస్వామి కషాయం నువ్వు పంపినవా?" అడిగాను.

"ఏమో వదినా. రోజు మస్తు పంపుత. ఎవలో కస్టమరు పెట్టిండు, బొమ్మ మంచిగుండె, ముందుకు పంపిన."

"సదివినవా?"

"సదువుడెందుకు? దేవుని బొమ్మేనాయె!"

తోటికోడలు లేచి నిలబడింది. "ఊరందరికి పంపినవ్. మరి నాకెందుకు పంపలే?"

"నువ్వు ఇంట్లనే ఉంటవ్ గద! నీకు గుడ్ మార్నింగ్ ఎందుకు?"

ఆ మాటతో అయిపోయింది. ఆమె నా వైపు తిరిగింది. "గీయనా అక్కా నా గురుస్వామి? కూరల ఉప్పున్నదో లేదో చెప్పరాదు గీయనకు! గీయన మాట మీద నేను కాలు ఖరాబు చేసుకున్ననా?"

మరిది బిత్తరపోయి భార్య కాలు చూశాడు. నిజంగా చూడడం అదే మొదటిసారి. "గిట్లెప్పుడైందే? నాకెందుకు చెప్పలే?" అన్నాడు.

పెద్దమ్మను మళ్లీ ఫోన్లో అడిగాం. ఆమె తీర్పు చెప్పింది. "పంపినోడే గురువు. ఆయన చేతుల మీంగనే తీయించుండ్రి. దోషం లేదు."

మరిది చేతులకు అంటిన గ్రీజు కడుక్కొని వచ్చాడు. తులసిగద్దె ముందు భార్యాభర్తలు ఎదురెదురుగా నిలబడ్డారు. "ఏం మంత్రం చెప్పాలె వదినా?" అన్నాడు.

"దీక్ష అయిపోయింది, చెప్పులేసుకో అను."

"దీక్ష అయిపోయింది. చెప్పులేస్కోయే."

"గురుస్వామివి. పద్ధతిగ చెప్పు," అన్నారు మేడం.

గొంతు సవరించుకున్నాడు. "చెప్పులేస్కోండ్రి."

పెళ్లయినప్పటి నుంచి ఆయన భార్యను మీరు అనడం ఎవరం వినలేదు. ఆమె కళ్లు తుడుచుకుంటూ నవ్వింది. చెప్పులు ఆయనే తెచ్చి కాళ్ల దగ్గర పెట్టాడు. పుండున్న కాలికి చెప్పు పట్టలేదు. నా పాత మెత్తటి గుడ్డ చుట్టి, బండి మీద కాదు, ఆటోలో మరిదీ మేడమూ నేనూ తీసుకెళ్లాం. గోలీల సంగతి డాక్టరు చెప్పినట్టే అని మేడం దారి పొడుగునా చెబుతూనే ఉన్నారు.

దవాఖానలో డాక్టరమ్మ మమ్మల్ని ముగ్గురినీ నిలబెట్టి తిట్టింది. ఇంకా ఆలస్యం చేసుంటే పాదం తీయాల్సి వచ్చేదని చెప్పింది. చిటికెనవేలు పోయింది. కాలు మిగిలింది. వేలు తీసుకొని కాలు వదిలినందుకు స్వామికి ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. డాక్టరమ్మకూ పెట్టాను. ఆమె మొహమాటపడింది.

మా మరిది ఇప్పుడు ఏదైనా పూర్తిగా చదివాకే పంపుతున్నాడు. అందుకని ఆయన శుభోదయం మధ్యాహ్నం అన్నాల వేళకు వస్తోంది.

మేమూ పేజీ మార్చాం. అమ్మవారి బొమ్మ తీసేసి పైన ఒక జత చెప్పుల బొమ్మ వేశాం. కింద, విషయం ఎక్కడి నుంచి తెచ్చామో, ఎప్పుడు తెచ్చామో మేడం రాయించారు. పంచే పని మా తోటికోడలు తీసుకుంది. లైబ్రరీ రాక్ పక్కన కుర్చీ వేసుకొని కూర్చుంటుంది. అలవాటుగా ఎవరైనా గుమ్మం దగ్గర చెప్పులు విడిస్తే, "ఆగుండ్రి, ఏస్కొని రాండ్రి. చెప్పులు లేనోళ్లకు కాయిదం లేదు," అని తన కాళ్లు ముందుకు చాపి చూపిస్తుంది. తొమ్మిది వేళ్ల ముందు ఎవరూ వాదించరు.

మొన్న వాకిట్లో తులసిగద్దెకు కొత్త పేజీ అంటించి ఉండడం చూశాను. మళ్లీ మొదలైందనుకున్నాను. దగ్గరికి వెళ్లి చూస్తే, చెప్పుల బొమ్మ మీద ఒక్కో చెప్పుకు ఒక్కో కుంకుమ బొట్టు. అక్షరాలకు ఎక్కడా పసుపు అంటలేదు. మొదటి నుంచి చివరి దాకా చదవొచ్చు.

వంగి కళ్లకద్దుకున్నాను. చెప్పులు వేసుకునే.